చూడని ఆటకు రాసిన సమీక్ష

విద్యాధర్‌తో పాత సంగతి ఏది మాట్లాడాలన్నా చేతిలో కాగితం ఉండాలి. రసీదో, కరపత్రమో, పెళ్లిపత్రికో, ఏదో ఒకటి. పెద్దమనిషి ఎవరైనా వచ్చి "మా తాత గిట్ల చేసిండు సారూ" అని మొదలుపెడితే, ఆయన కళ్లజోడు సవరించుకుని "కాగితం ఉన్నదా?" అని చెయ్యి చాపుతాడు. ఈ మాట ఎంత పాకిందంటే, కరీంనగర్‌లో ఆయన రోజూ వెళ్లే చాయ్ హోటల్లో "రెండు చాయ్" అని చెబితే, హోటల్ ఆయన కూడా "కాగితం ఉన్నదా సార్?" అని ఆటపట్టిస్తాడు. విద్యాధర్ దానికి మురిసిపోతాడే తప్ప నొచ్చుకోడు.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. పాతికేళ్లు ఆయన పత్రికలో పనిచేశాడు. మొదట జమ్మికుంటలో విలేకరి, తర్వాత కరీంనగర్ డెస్క్‌లో ఉపసంపాదకుడు. ఆ పైన ఆదివారం పేజీలో నాటకాల మీదా, సినిమాల మీదా, జాతరల మీదా, ఆఖరికి పెళ్లి బరాతుల్లో డీజే పాటల మీదా సమీక్షలు రాసే విమర్శకుడయ్యాడు. ఆ పేజీకి భయపడని నాటక సమాజం ఉమ్మడి జిల్లాలో లేదు. ఒకసారి ఒక రాజు వేషధారి జారిపోయే కిరీటాన్ని ఎడమచేత్తో పట్టుకుని పద్యమంతా పాడాడని రాశాడు. ఆ రాజుగారు మరుసటి వారం ఆఫీసుకు వచ్చి, కిరీటం తీసి టేబుల్ మీద పెట్టి, "నువ్వు పెట్టుకొని పాడు సారూ, మేం సూస్తం" అని వెళ్లిపోయాడు. ఆ కిరీటం ఇప్పటికీ విద్యాధర్ ఇంట్లో అటక మీద ఉంది.

యాభై ఏళ్ల వయసులో పత్రికవాళ్లు ఆదివారం పేజీలు కుదించేస్తే, ఆయన కోపంతో ఉద్యోగం మానేసి చరిత్ర పట్టుకున్నాడు. కోటలూ యుద్ధాలూ ఆయనకు అక్కర్లేదు. బస్టాండ్లు, టాకీసులు, పత్తి యార్డులు, బీడీ కార్ఖానాలు, రైల్వే గేటు పక్క చాయ్ దుకాణాలు ఆయన రాజ్యాలు. యూనివర్సిటీ పండితులు పెదవి విరిచినా జనం మాత్రం ఎగబడి చదివారు. ఫోన్లో వీడియోలు చేస్తే వాటినీ చూశారు. "పత్తి యార్డు ముచ్చట్లు" అన్న పుస్తకమైతే ఏడాది తిరక్కుండానే రెండు ముద్రణలు అయిపోయి మూడోదానికి సిద్ధమైంది.

ఆ పుస్తకంలో అందరికీ నచ్చింది ఏడో అధ్యాయం. తొంభై రెండులో జమ్మికుంట పత్తి యార్డులో హమాలీల సంఘం పెట్టించిన "ముత్యాలరాణి" భాగోతం ముచ్చట అది. పక్క ఊరి రైతు బృందం ఆడిన ఆట, మంత్రి మోపిన నేరానికి దర్బారులో రాజునే నిలదీసే రాణి కథ. రాణి వేషం రాయమల్లు. దర్బారు ఘట్టంలో రాయమల్లు కొంగుతో కన్నీళ్లు తుడుచుకుంటే, పత్తి నింపిన గోనె బోరాల మీద కూర్చున్న హమాలీలు భోరుమన్నారని ఆనాడు విద్యాధర్ పేపర్లో రాశాడు. ముప్పై మూడేళ్ల తర్వాత ఆ కటింగునే పుస్తకంలో అచ్చేశాడు. ఎక్కడ సభ జరిగినా ఈ ముచ్చట చెప్పకుండా మైకు వదలడు. "నేను ముందు వరుసలో పత్తి బోరెం మీద కూసున్న" అని మొదలుపెట్టి, చివరకు తానూ కళ్లు ఒత్తుకుంటాడు.

ఆ ఆదివారం కరీంనగర్ గ్రంథాలయం హాల్లోనూ అంతే జరిగింది. కళ్లు ఒత్తుకున్నాడు, చప్పట్లు మోగాయి. అప్పుడు వెనక వరుసలోంచి ఒకామె లేచి నిలబడింది. అరవైకి దగ్గర వయసు, చేతిలో ఆయన పుస్తకం.

"సారూ, ఒక్క మాట అడుగుతా."

"అడుగక్కా."

"ముంగటనే కూసున్ననంటివి గదా. రాణి కట్టిన చీర ఏ రంగుదో జెప్పు."

హాలు నవ్వింది. విద్యాధర్ కూడా నవ్వి, తడుముకోకుండా చెప్పాడు. "ఎర్రది. జరీ అంచు. పుస్తకంల రాసిన గదా."

"ఎర్ర చీర ఆటను మూడు నెలలు నేర్సుకున్నప్పటిది. అది రాయమల్లు పెట్టెల ఉండె. ఆట నాడు పెట్టెతోని రాయమల్లు పోయిండు. ఆ నాడు రాణి కట్టింది పచ్చ చీర. నా పెండ్లి చీర."

"నీ చీర ఎందుకు కట్టిండక్కా?"

"కట్టిండు గాదు, కట్టిన. ఆ నాడు రాణి వేషం ఏసింది నేను. నా పేరు కిష్టవ్వ. రాజు వేషమేసిన పరశురాములు పెండ్లాన్ని."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ కాలంలో ఆ ఊళ్లలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఆడమనిషి యార్డు నడుమ స్టేజీ ఎక్కిందంటే మామూలు ముచ్చట కాదు. విద్యాధర్ కళ్లజోడు సవరించుకుని, అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. ఏం అనాలో తోచనప్పుడు మనిషికి అలవాటైన మాటే నోట్లోంచి వస్తుంది.

"కాగితం ఉన్నదా అక్కా?"

హాలు గొల్లున నవ్వింది. కిష్టవ్వ నవ్వలేదు.

"కాగితం నీ దగ్గరనే ఉన్నది సారూ. నువ్వే రాస్తివి. దాంతోనే వచ్చింది తిప్పలు. నా మనుమరాలు దీపిక డిగ్రీ సదువుతుంది. దానికి సిన్నప్పటి సంది ఈ కత చెప్పిన. నమ్మింది. నీ పుస్తకం వచ్చినంక నమ్ముతలేదు. అమ్మమ్మా, పుస్తకంల రాయమల్లు అని ఉన్నది, నువ్వు ఉత్తగనే చెప్పినవ్ అంటుంది. నాకు సన్మానం వద్దు, శాలువ వద్దు. నా మనుమరాలి ముంగట నేను అబద్ధాల మనిషిని గావద్దు. గంతే."

చెప్పాల్సింది చెప్పి, పుస్తకం సంచీలో పెట్టుకుని, జమ్మికుంట బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక విద్యాధర్ అన్నం ముందు కూర్చుని చిందులు తొక్కాడు. "నేను సూసిన ఆట అది! నేనే రాసిన! ఎవరో వచ్చి కాదంటే అయితదా?" అని లోపలికి వెళ్లి, ఫైలు తెచ్చి, కటింగు తీసి భార్య ముందు పెట్టాడు.

ఆయన భార్య తారాబాయిది ఆదిలాబాద్. స్కూల్లో లెక్కల టీచరుగా చేసి ఈ మధ్యే రిటైరయింది. భర్త పుస్తకాల్లో తారీఖులు సరిచూసే పని ఆమెదే. ఈ కటింగును మాత్రం, భర్తే స్వయంగా రాశాడు కదా అని, ఎప్పుడూ పట్టి చూడలేదు. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని పైన ఉన్న తారీఖు చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది శ్రీపంచమి నాటి పేపర్. అంటే ఆట ముందు రోజు నాత్రి."

"అవును. అయితే?"

"ఆ నాత్రి మీరు యాడున్నరు?"

"ఇంకెక్కడ? జమ్మికుంట యార్డుల."

"అరె దేవా!" అని తారాబాయి నుదురు కొట్టుకుంది. "శ్రీపంచమి పొద్దుగాల బాసరల నన్ను సూసేటందుకు అచ్చిన్రు గదా! మా అంబదాసన్న ముందు నాత్రి మీ కోసం బస్టాండుల నిలవడ్డడు. తొమ్మిదింటికి దిగిన్రు. ఆకలని చెప్పి ఏడు అరటిపండ్లు తిన్నరు. మా అన్న ఇప్పటికీ చెప్పి నవ్వుతడు."

విద్యాధర్ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడు అరటిపండ్లూ ఆయనకు గుర్తున్నాయి. పొద్దున్నే గోదావరి ఒడ్డున అన్నగారి వెనక నడిచి వచ్చిన పిల్లా గుర్తుంది. ఆ రోజుకు ముందు రోజు ఏదన్నదే ఇన్నేళ్లూ ఆలోచించలేదు.

ఇక్కడ ఆ కాలపు విలేకరుల సంగతి కొంచెం చెప్పాలి. జమ్మికుంట విలేకరికి ఫ్యాక్స్ లేదు, ట్రంకు కాల్ వేళకు దొరికేది కాదు. ఉన్నదల్లా మధ్యాహ్నం మూడు గంటల హైదరాబాద్ బస్సు. వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి, పైన "ప్రెస్, అర్జెంట్" అని రాసి కండక్టర్ చేతికిస్తే, రాత్రికి అక్కడి బస్టాండ్‌లో పత్రిక మనిషి తీసుకునేవాడు. మూడు దాటాక జమ్మికుంటలో ఏం జరిగినా మరుసటి రోజు పేపర్లో రాదు. సాయంత్రం సభలు పెట్టుకునేవాళ్లు ఊరుకుంటారా? అందుకని విలేకరులందరూ ఒక ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం జరగబోయే సభను పొద్దున్నే "ఘనంగా జరిగింది" అని రాసి పంపేసేవారు. వక్తలు ఏం మాట్లాడతారో వక్తలనే అడిగి రాసుకునేవారు. ఎప్పుడైనా సభ రద్దయితే రెండు రోజులు ఆ వీధివైపు పోకుండా తిరిగేవారు.

పాతికేళ్ల విద్యాధర్ అలాగే చేశాడు. కాకపోతే ఆయనలో విమర్శకుడు అప్పటికే మొలకెత్తాడు కనుక "ఘనంగా జరిగింది" అని ఊరుకోలేదు. నాలుగు రోజుల ముందు చూసిన రిహార్సల్ తలుచుకుని, కొంగూ కన్నీళ్లూ హమాలీల ఏడుపూ అన్నీ రాసి, కవరు పోస్టు చేసినంత తేలిగ్గా కండక్టర్‌కు ఇచ్చి, పెళ్లిచూపులకు బస్సెక్కాడు. రాసింది అచ్చయింది. అచ్చయింది చదివాడు. చదివింది పదిమందికి చెప్పాడు. చెప్పగా చెప్పగా తనను తానే పత్తి బోరెం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"పెండ్లిసూపుల తారీఖు మర్సిపోయిన్రు గని, సూడని ఆట మాత్రం యాదికున్నది," అంది తారాబాయి, నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని.

"నవ్వకు తారా. నాకు పానం పోతుంది."

నిజంగానే ఆయనకు భయం వేసింది. కాగితం ఉన్నదా అని ఇందరిని నిలదీసిన మనిషి, తన కాగితమే అబద్ధమని తెలిస్తే ఏమవుతాడు? ఎంతమంది ముసలివాళ్లను ఈ ఒక్క మాటతో వెనక్కి పంపాడో లెక్కలేదు. కిష్టవ్వ ముఖం గుర్తొస్తే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పుస్తకం అచ్చువేసే గోపాల్‌కు ఫోన్ చేసి సంగతి చెబితే, అతను నెమ్మదిగా అన్నాడు. "సార్, ఆట జరిగింది నిజమే గదా. సూసినోళ్లందరు రాయమల్లే అనుకున్నరు గదా. ఇప్పుడు మీరే అబద్ధం రాసిన అని చెప్పుకుంటే మీ పుస్తకాలు ఎవరు నమ్ముతరు? కావాల్నంటే ఆ అధ్యాయం తీసేద్దం. సోమవారం ప్రెస్‌కు పోవాలె. అప్పటిదాంక ఆలోచించున్రి."

తీసేయడం బాగానే ఉంటుందనిపించింది విద్యాధర్‌కు. తప్పూ ఉండదు, ఒప్పుకోవడమూ ఉండదు. ఫోన్ పెట్టేసి ఆ మాటే భార్యతో అన్నాడు.

"తీసేస్తే మీ తప్పు పోతది. ఆమె పేరు యాడికెల్లి అస్తది?" అని తారాబాయి కంచాలు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత విద్యాధర్‌కు వేరే దారి కనిపించలేదు.

రాయమల్లు ఉట్నూర్‌లో ఉన్నాడని ఆయనకు తెలుసు. పుస్తకం వచ్చిన కొత్తలో ఫోన్ చేసి, "నా పేరు మంచిగ రాసిన్రు సారూ" అని మురిసిపోయి ఐదు కాపీలు తెప్పించుకున్నాడు. విద్యాధర్ బుధవారం పొద్దున్నే బస్సెక్కి, లక్సెట్టిపేట, జన్నారం అడవి దాటి మధ్యాహ్నానికి ఉట్నూర్‌లో దిగాడు. రాయమల్లు జీపుతో ఎదురొచ్చాడు. అరవయ్యేళ్లు, తెల్లని గుబురు మీసం. అడవి ఊళ్లకు ఆ జీపే తోలుతూ బతుకుతున్నాడు. ఇంటి ముందు గదిలో గోడ మీద, దేవుడి పటం పక్కనే, లామినేషన్ చేయించిన కటింగు వేలాడుతోంది.

విద్యాధర్ చాయ్ కూడా తాగకుండా సూటిగా అడిగాడు. "రాయమల్లూ, ఆ నాడు నువ్వు రాణి వేషం ఏసినవా?"

రాయమల్లు గోడవైపు చూశాడు, తలుపువైపు చూశాడు, పెద్దగా నవ్వేశాడు.

"లేదు సారూ. మీరెట్లనో సూసిన్రు గని, నేనైతే ఏయలే."

"మరి యాడికి పోయినవ్?"

"దుబాయికి. ఆ పొద్దుగాల్నే ఏజెంటు మనిషి వచ్చి వీసా వచ్చింది, రేపు నాత్రి బొంబాయిల విమానం అన్నడు. ఆట నేర్పే గురువుకు చెప్తే పోనియ్యడు. పెట్టె పట్టుకొని సప్పుడు జేయకుండ మూడు గంటల బస్సెక్కిన."

"మూడు గంటల హైదరాబాద్ బస్సా?"

"ఆఁ. డ్రైవర్ ఎనక సీట్ల కూసున్న. కండక్టర్ ఒక కవర్ తెచ్చి, జర పట్టుకో తమ్మీ, పేపరోళ్లది అన్నడు. హైదరాబాద్ దాంక ఒళ్లె పెట్టుకున్న. మీ పేరు సూసిన గని ఇప్పి సూడలే సారూ, దేవుని మీద ఒట్టు."

రాయమల్లు అద్భుతంగా నటించాడన్న వార్తా, నటించకుండా పారిపోతున్న రాయమల్లూ ఒకే బస్సులో, ఒకే సీట్లో హైదరాబాద్ చేరారన్నమాట. విద్యాధర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాయమల్లు మాత్రం హాయిగా నవ్వుతున్నాడు.

"రాణి వేషం కోసం మీసం తీసిన గదా, పాస్‌పోర్ట్ ఫోటోల మీసం ఉండె. బొంబాయిల ఆఫీసర్ గంటసేపు నన్ను పరేషాన్ చేసిండు. నువ్వు నువ్వేనా అంటడు! తర్వాత మూడు నెలలకు మా తమ్ముడు ఉత్తరంల ఈ కటింగ్ పంపిండు. నా మీద ప్రేమతోని, పావురంతోని రాసిన్రేమో అనుకున్న. అక్కడ క్యాంపుల అందరికి సూపిచ్చిన. శుక్రవారం శుక్రవారం ఎర్ర చీర కట్టి రాణి వేషమేపిచ్చిన్రు. అవ్వ యాదికొచ్చి ఏడ్చిన నాత్రులు మస్తుండె సారూ. గీ కాగితమే నన్ను నిలవెట్టింది."

"ఆ నాడు నీ బదులు వేసింది ఎవరో తెలుసా? కిష్టవ్వ."

"ఏ కిష్టవ్వ? పరశురాములు పెండ్లామా? మాకు అన్నం వండిపెట్టిన కిష్టవ్వనా?" రాయమల్లు నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి, గోడ మీది కటింగును తీసి బోర్లించి బల్ల మీద పెట్టాడు. తర్వాత పెట్టె తెరిచి పాత పాస్‌పోర్ట్ తెచ్చాడు. బొంబాయి ముద్ర మీద శ్రీపంచమి నాటి తారీఖు చెక్కుచెదరకుండా ఉంది. ఆట తెల్లవారేదాకా ఆడిన మనిషి ఆ రోజు రాత్రికి బొంబాయిలో విమానం ఎక్కలేడు.

"ఇగో సారూ, మీకు కాగితం కావాలె గదా."

గురువారం విద్యాధర్ ఆ పాస్‌పోర్టుతో, బస్సులో రాసుకున్న ఒక పేజీ సవరణతో కిష్టవ్వ ఇంటికి వెళ్లాడు. ఆమె పత్తి ఏరి వచ్చి అప్పుడే కాళ్లు కడుక్కుంటోంది. దీపిక కాలేజీ నుంచి వచ్చి ఉంది. పాస్‌పోర్టులో ముద్రను, పేపర్ కటింగులో తారీఖును పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూసి, ఆ అమ్మాయి చిన్నబోయింది.

"నిజమే అమ్మమ్మా. నువ్వు చెప్పింది నిజమే."

"ముద్ర సూసి నిజమంటున్నవా?" అంది కిష్టవ్వ, కోపం లేకుండానే. దీపిక తలదించుకుంది.

విద్యాధర్ గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది అక్కా. ఆ నాడు నేను ఆట సూడలే. సూడకుండనే రాసిన. నన్ను మాఫ్ చెయ్. సవరణ రాసుకొచ్చిన, విను." కాగితం తీసి చదివాడు. రాణి పాత్రలో కిష్టవ్వ అభినయం అపూర్వమనీ, దర్బారు ఘట్టంలో ఆమె గానానికి హమాలీలు కంటతడి పెట్టారనీ అందులో ఉంది.

కిష్టవ్వ మొత్తం విని, చేతులు తుడుచుకుని అడిగింది. "నువ్వు సూసినవా సారూ?"

"లేదు గదా అక్కా, ఇప్పుడే చెప్పిన..."

"మరి అప్పుడు సూడకనే రాయమల్లు మంచిగ ఆడిండని రాస్తివి. ఇప్పుడు సూడకనే కిష్టవ్వ మంచిగ ఆడిందని రాస్తున్నవ్. ఏం ఫరక్ ఉన్నది? నేను మంచిగ ఆడిన్నో సెడగొట్టిన్నో నీకేం ఎరుక?"

దీపిక ఫక్కున నవ్వింది. ముప్పై మూడేళ్ల రాతపనిలో విద్యాధర్‌ను ఇంత శుభ్రంగా ఎవరూ కడిగి ఆరేయలేదు. ఆయన ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అప్పుడు మొదటిసారిగా, చెయ్యి చాపకుండా, "ఆ నాడు ఏం జరిగిందో చెప్పక్కా" అని అరుగు మీద కూర్చున్నాడు.

కిష్టవ్వ చెప్పింది. మూడు నెలలు వాళ్ల వాకిట్లోనే ఆట నేర్చుకున్నారు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని అందరి పాటలూ పట్టేసింది. ఆట నాడు రాయమల్లు కనబడకపోతే గురువు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆమె గంజి వారుస్తూ దర్బారు పాట అందుకుంది. గురువు తలెత్తి చూశాడు. ఆనవాలు దొరక్కుండా ఆమె ముఖానికి తెల్లపొడి దట్టంగా పూసి, ఎవరికీ చెప్పొద్దని బృందమంతా ఒట్టు వేసుకున్నారు. ఆ ఒట్టు వేసుకున్నవాళ్లలో ఆమె తప్ప ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు.

"మొగడే రాజు. నిండు దర్బార్ల నిలవెట్టి అడిగిన. మనిషి నిజంగనే వణికిండు," అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆట అయినంక జనమంత శభాష్ రాయమల్లూ, శభాష్ రాయమల్లూ అని ఒర్రిన్రు. సప్పట్లు నాకు, పేరు ఆయనకు. స్టేజి మీద నిలవడి నవ్వుకుంట ఏడ్చిన సారూ. మల్ల ఎన్నడు ఏయలే."

దీపిక అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడెయ్ అమ్మమ్మా. నేను సూస్తా."

ఆదివారం జమ్మికుంట యార్డుకు సెలవు. హమాలీల సంఘంవాళ్లు సంతోషంగా ఒప్పుకుని, రేకుల షెడ్డు కింద బల్లలు జోడించి స్టేజీ కట్టారు. మొత్తం ఆట కాదు, దర్బారు ఘట్టం ఒక్కటే, సాయంత్రం నాలుగున్నరకు. ఉట్నూర్ నుంచి రాయమల్లు తన జీపులోనే దిగాడు. పరశురాములు లేడు కనుక రాజు వేషం తానే వేస్తానన్నాడు. పెట్టెలోంచి ఎర్ర చీర తీసి, "ఇది నీదే కిష్టవ్వా, ఇన్నేండ్లు నా దగ్గర ఉన్నది" అని ఇవ్వబోయాడు.

"అది నీ రాణిది రాయమల్లూ. నా రాణిది పచ్చ చీర," అని కిష్టవ్వ తన పెళ్లి చీరనే కట్టుకుంది.

రాజుకు కిరీటం లేదు. తారాబాయి సంచీలోంచి అటక మీది కిరీటం బయటికి తీసింది. చూడకుండా రాణి మీద నేరం చెప్పిన మంత్రి వేషానికి మాత్రం మనిషి దొరకలేదు. కిష్టవ్వ చుట్టూ చూసి, ముందు వరుసలో పత్తి బోరెం మీద పెన్నూ నోట్‌బుక్కూ పట్టుకుని కూర్చున్న విద్యాధర్ దగ్గర ఆగింది.

"మంత్రికి మాటలు లెవ్వు. తల వంచుకొని నిలవడాలె, గంతే. సారుకు వస్తది."

జనం ఈలలు వేశారు. విద్యాధర్ వద్దన్నా వినకుండా తారాబాయి తన శాలువను ఆయన తలకు పాగాగా చుట్టింది. సరిగ్గా అప్పుడే గోపాల్ ఫోన్ చేశాడు. "సార్, సవరణ పేజీ పంపుతున్నరా? ఆపరేటర్ కూసోని ఉన్నడు. నాలుగు లైన్లే గదా, ఇప్పుడే రాసి పంపున్రి, ఆట ఎట్లయినా మంచిగనే అయితది."

"అయినంక రాస్త గోపాల్," అని విద్యాధర్ ఫోన్ కట్టేసి స్టేజీ ఎక్కాడు. ఇన్నాళ్లూ ఎందరి వేషాలకో వంకలు పెట్టిన మనిషి, తనవంతు వచ్చేసరికి జారుతున్న పాగాను ఎడమచేత్తో పట్టుకున్నాడు.

హార్మోనియం మొదలైంది. కిష్టవ్వ నడిచి వచ్చింది. మొదటి రెండు చరణాలు గొంతు పట్టేసింది. మూడో చరణానికి తెరుచుకుంది. గొప్ప గొంతేమీ కాదు, కొంచెం బొంగురు. కానీ తాను చేయని తప్పు తన మీద పడ్డ మనిషి ఎలా అడుగుతుందో అలా అడిగింది. రాజును అడిగింది. కిరీటం జారుతున్నా రాయమల్లు చేయెత్తి పట్టుకోలేదు, వణుకుతూ నిలబడ్డాడు. తర్వాత రాణి మంత్రివైపు తిరిగింది.

"కండ్ల జూడని నేరమెట్ల దెలిపితివి మంత్రీ? నీ కండ్ల జూసినవా? నీ కండ్ల జూసినవా?"

మంత్రి తల వంచుకోవాలి. విద్యాధర్ వంచుకున్నాడు కూడా. కానీ ఆ ప్రశ్న రెండోసారి వచ్చేసరికి తాను వేషంలో ఉన్నాననే మరిచిపోయాడు. తలెత్తి, యార్డంతా వినబడేలా అన్నాడు.

"సూడలే. సూడకుండనే చెప్పిన."

ఆ మాట ఆటలో లేదు. హార్మోనియం ఆగిపోయింది. కిష్టవ్వ ఒక్క క్షణం ఆయనను చూసింది. ఆమె కళ్లు నిండాయి. కొంగు తీసుకోలేదు, చేతి వెనకతో తుడుచుకుంది. తర్వాత అదే రాగంలో, అప్పటికప్పుడు కట్టి, అందుకుంది.

"సూడకుంటె ఇప్పుడు జూడు మంత్రీ, కండ్లనిండ జూడు."

విద్యాధర్ చూశాడు. ముందు వరుస కంటే దగ్గరగా, రెండడుగుల దూరంలోంచి, చివరిదాకా చూశాడు.

ఆట అయ్యాక "శభాష్ కిష్టవ్వా" అని మొదట అరిచింది రాయమల్లు. తర్వాత యార్డంతా అరిచింది. దీపిక స్టేజీ ఎక్కి అమ్మమ్మను గట్టిగా పట్టుకుంది.

విద్యాధర్ పాగా విప్పకుండానే బోరెం మీద కూర్చుని రాశాడు. కొట్టివేతలు లేకుండా ఆయన రాసిన పేజీ బహుశా అదొక్కటే. దీపిక తీసుకుని అందరికీ వినబడేలా చదివింది. "తొంభై రెండులో జమ్మికుంట యార్డులో జరిగిన ఆటను ఈ రచయిత చూడలేదు. చూసినట్టు రాసింది అబద్ధం. ఆ రోజు రాణి వేషం వేసింది కిష్టవ్వ. ఆనాడు ఆమె ఎలా నటించిందో ఈ రచయితకు తెలియదు. ఈ ఆదివారం అదే యార్డులో ఆమె దర్బారు ఘట్టం ఆడింది. అది మాత్రం కళ్లారా చూశాను. మొదటి రెండు చరణాల్లో గొంతు పట్టేసింది. ఆ తర్వాత, ఇన్నేళ్లలో ఇంత బాగా ఆడిన రాణిని నేను చూడలేదు."

గొంతు పట్టేసిన సంగతి రాసినందుకు కిష్టవ్వకు ఇష్టం కలిగినట్టుంది, తలూపింది. దీపిక ఆ పేజీని ఫోటో తీసి గోపాల్‌కు పంపబోతుంటే, చెయ్యి పట్టి ఆపింది.

"ఆగు బిడ్డా. సారూ, చీర రంగు రాసినవా?"

రాయలేదు. విద్యాధర్ పెన్ను మూత తీసి, ఆమె చీరను ఇంకోసారి చూసి, "పచ్చ చీర" అని చేర్చాడు.